మూడో తరం దాకా

అమ్మ తయారవుతోంది. స్క్రీన్ మీద సన్నటి వరసలు కింది నుంచి పైకి పాకిపోతున్నాయి, వరసకో ఫైలు పేరు, పేరు పక్కన సరే అన్నట్టు ఒక గుర్తు, ఇలా వేలకు వేలు, నేను కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుని చూస్తున్నాను, చూసి చేసేదేమీ లేదు, అయినా కళ్లు తిప్పుకోబుద్ధి కావడం లేదు. అమ్మంటే మా అమ్మ కాదు, మా టీములో వాడుక అది. మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రానికి తెలిసే ఆజ్ఞలుగా మార్చేది కంపైలర్, ఆ కంపైలర్ కూడా ఒక ప్రోగ్రామే, కనుక దాన్ని మార్చడానికి ఇంకో పాత కంపైలర్ కావాలి, ఆ పాతదాన్ని అమ్మమ్మ అంటాం. అమ్మమ్మ చేసింది అమ్మ, అమ్మ చేసింది కూతురు, కూతురు చేసింది మనవరాలు. కూతురినీ మనవరాలినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క పొల్లు కూడా తేడా ఉండకూడదు. ఉండకపోతే వంశం శుభ్రంగా ఉన్నట్టు. ఉంటే మాత్రం నా పని అయిపోయినట్టే, నా పని కాదులే, నా పనికేం, రేపు మళ్లీ చూసుకోవచ్చు, మా తోడికోడలి పని అయిపోయినట్టు.

మూడింటికి దాని ఆఫీసులో మీటింగ్. పొరపాటు నీదేనని ఒప్పుకుని సంతకం పెట్టు అంటారు, పెడితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది గానీ మనిషి కాలు విరగ్గొట్టిన ప్రోగ్రాం రాసిందన్న పేరు దాని కన్నా ముందు ప్రతి ఆఫీసు గుమ్మమూ ఎక్కి కూర్చుంటుంది. అది లిఫ్టులకి ప్రోగ్రాం రాస్తుంది. లిఫ్టు ప్రతి అంతస్తు దగ్గరా తను నేలకి ఎంత పైన ఆగిందో ఎంత కింద ఆగిందో కొలుచుకుంటుంది, పైన ఉంటే మామూలు అంకె, కింద ఉంటే మైనస్. బెత్తెడు కింద ఆగితే మెల్లగా పైకి జరగాలి. ప్రమాదం జరిగిన రోజు ఒక లిఫ్టు అట్టడుగు అంతస్తులో బెత్తెడు కిందే ఆగింది, దాని కింద గోతిలో మెకానిక్ వంగి పానా తీసుకుంటున్నాడు, లిఫ్టుకి మాత్రం తను మేడంత ఎత్తున ఉన్నట్టు తోచింది, సరే దిగుదామని దిగింది. కింద అడ్డంగా ఇనుప దిమ్మ ఉంది కాబట్టి, దానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు కాబట్టి మనిషి దక్కాడు, పక్కకి దూకడంలో మోకాలు మాత్రం విరిగింది. ఆ కంపెనీ లిఫ్టులన్నీ అప్పట్నుంచి ఆగిపోయి ఉన్నాయి, మా ఆఫీసువి కూడా. ఇందాక భోజనాలయ్యాక అయిదంతస్తులూ మెట్లెక్కుతూ మా వాళ్లంతా ఆ లిఫ్టుల వాళ్లని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. నేను మాట్లాడలేదు. ఆయాసం వల్ల అనుకుని ఉంటారు.

మోకాలు విరిగినతను ఆసుపత్రిలో ఉన్నాడు. మా తోడికోడలు రోజూ సాయంత్రం వెళ్తుంది, ఎవరూ వెళ్లమనలేదు, వెళ్లొద్దనే అన్నారు దాని ఆఫీసులో, వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. మొదటిసారి వెళ్లొచ్చినప్పుడు వంటింటి గట్టుకి ఆనుకుని చెప్పింది, "ఆయన నన్నే ఓదారుస్తున్నాడక్కా. నేను కింద ఉన్నానని దానికేం తెలుసమ్మా అంటాడు." అప్పటికింకా నన్ను అక్కా, నువ్వూ అంటోంది. ఆ రాత్రి భోజనాల దగ్గరే నేను నోరు పారేసుకున్నాను. అది పళ్లెంలో అన్నం కెలుకుతూ, "అక్కా, నేను ఎన్నిసార్లు చూసినా నా ప్రోగ్రాం వరసలు సరిగానే ఉన్నాయి. మీ కంపైలరే మైనస్ తినేస్తోంది," అంది. నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా వింటున్న మాట అది. కాలేజీలోంచి నిన్న గాక మొన్న వచ్చినవాడు కూడా మొదటి వారంలో అదే అంటాడు, కంపైలర్‌లో తప్పుందండీ అని, నూటికి తొంభైతొమ్మిది సార్లు వాడు ఎక్కడో సున్నాకి బదులు ఒకటి రాసుంటాడు. అంచేత అలవాటుగా, చూడకుండా, పప్పు గిన్నె జరుపుతూ అనేశాను, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ సంగతి." అందరూ నవ్వారు. మా ఆయన నవ్వాడు, అత్తయ్య నవ్వింది, అదొక లెక్క కాదు, మా మరిది కూడా నవ్వాడు. అది లేచి చెయ్యి కడుక్కుంది. మర్నాటి నుంచి నన్ను మీరు అనడం మొదలుపెట్టింది. ఉప్పు అందిస్తారా, తలుపు వేసుకుంటారా, ఇంట్లో అద్దెకున్నట్టు. తిట్టినా బాగుండేది.

అమ్మ అయింది. ఇప్పుడు అమ్మ కూర్చుని కూతుర్ని చేస్తోంది, వరసలు మళ్లీ మొదట్నుంచి, మళ్లీ అవే పేర్లు. కిటికీ చట్రం నీడ టేబుల్ మీద సగం దాకా వచ్చింది. ఎదుటి సీటు కుర్రది చప్పుడవకుండా బిస్కెట్ నమలాలని చూస్తోంది, చప్పుడవుతోంది. నేను మాత్రం ఆ మాట అన్నాక ఊరుకున్నానా, ఊరుకోలేదు, దాని ఆఫీసు వాళ్లు మాకు పద్ధతిగా ఫిర్యాదు పంపితే దానికి జవాబూ నేనే రాశాను. మా దగ్గర ఈ సమస్య కనబడలేదు, మీ ప్రోగ్రామును మరోసారి సరిచూసుకోగలరు. కింద నా పేరు. ఆ కాగితం పట్టుకునే ఇవాళ దాన్ని కూర్చోబెట్టబోతున్నారు. అబద్ధం రాయలేదు నేను, నా మెషీన్‌లో చూస్తే నిజంగానే కనబడలేదు. యంత్రం లోపల అంకెలు పెట్టుకునే చోట్లు కొన్నే ఉంటాయి, పొయ్యి మీద మంటల్లాగా. నాలుగు మంటల పొయ్యి మీద అయిదో గిన్నె పెట్టాలంటే ఒకటి దించి గట్టు మీద పెట్టాలి, పనయ్యాక మళ్లీ ఎక్కించాలి. ఏది దించాలి, ఎప్పుడు ఎక్కించాలి అని నిర్ణయించే భాగం నాది, కంపైలర్‌లో నా వంటిల్లు అది. దాని లిఫ్టు ప్రోగ్రాంలో తలుపు, బరువు, వేగం, అంతస్తు అన్నీ ఒక్కసారే కావాలి, అన్ని మంటలూ నిండిపోతాయి, అప్పుడు ఎత్తు అంకెని దించి మళ్లీ ఎక్కిస్తున్నప్పుడు అంకె వస్తోంది, మైనస్ గట్టు మీదే ఉండిపోతోంది, మైనస్ ఊడిన ఆ అంకె యంత్రం లెక్కలో మేడంత పెద్దదై కూర్చుంటోంది. పైగా ఏం జరుగుతోందో చూద్దామని పాపం అది ఒక వరస కలిపితే గిన్నెల వరస మారిపోయి మైనస్ తిరిగొచ్చేది, వరస తీసేస్తే పోయేది. చూస్తే ఉంటుంది, చూడకపోతే పోతుంది అని దాని పైవాళ్లకి చెబితే ఎవరు నమ్ముతారు. నేనే నమ్మలేదు.

ఇవాళ పొద్దున మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకొస్తుంటే దాని స్నానాల గది తలుపు వెనక మాటలు వినబడ్డాయి. పొరపాటు నా వల్లే జరిగింది. కాసేపు ఆగి, పొరపాటు నాదే. మళ్లీ, ఈసారి కొంచెం నవ్వుతున్నట్టు, నా పొరపాటేనండి. అద్దం ముందు నిలబడి ఎలా అంటే ఏడుపు రాకుండా ఉంటుందో చూసుకుంటోంది. బట్టలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. బయటికొచ్చాక అడిగాను, నీ లాప్‌టాప్‌లో ఉన్న కంపైలర్ ఒకసారి కాపీ చేసుకోనా అని. మా దగ్గరున్నది కాదు, మా వాళ్లు నీకు పంపించింది, అదే. అది తువ్వాలు తలకి చుట్టుకుంటూ, "తీసుకోండి. ఇప్పుడు మీకెందుకు?" అంది. ఎందుకో నాకూ తెలియదు. ఆఫీసుకొచ్చి దాని ప్రోగ్రాంని ఆ కంపైలర్‌తో మార్చి, యంత్రం ఆజ్ఞలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. గిన్నె దిగింది. గిన్నె ఎక్కింది. ఎక్కించే చోట మైనస్‌తో సహా ఎక్కించమనే ఆజ్ఞ ఉండాలి. ఉత్త అంకెని ఎక్కించే ఆజ్ఞ ఉంది. ఓసి నీ దుంపతెగ అని పైకే అన్నాను, కుర్రది ఉలిక్కిపడింది. సంతకం పెట్టకు, తప్పు మాదే అని దానికి మెసేజ్ కొట్టాను. వెంటనే జవాబు వచ్చింది. "రుజువు ఉందా మీ దగ్గర? లేదని రాసిచ్చింది మీరే కదా."

న్యాయమే. నా మెషీన్‌లో రాదు, దాని మెషీన్‌లో వస్తుంది, రెండు చోట్లా ఒకే కంపైలర్, ఒక్క అక్షరం తేడా లేని అవే వరసలు. మరి ఎందుకు రాదు అంటే ఏం చెప్పను. నా భాగం పైనుంచి కిందికి చదివాను, కిందినుంచి పైకి చదివాను, ఎక్కడా తప్పు లేదు, మైనస్ కాపాడమని వరసల్లో శుభ్రంగా రాసే ఉంది. రాసిన దాంట్లో తప్పు లేదు, తయారైన దాంట్లో ఉంది. అప్పుడు తట్టింది నాకు, అమ్మమ్మ ఎవరు అని. కిందటేడు మా కంపైలర్‌కి మైనస్ తినే జబ్బు ఉండేది, కనిపెట్టాం, బాగుచేశాం, చప్పట్లు కొట్టుకున్నాం. కానీ బాగుచేసిన వరసల్ని తయారు చేసిందెవరు, జబ్బున్న ఆ అమ్మమ్మే. మైనస్ ఎలా కాపాడాలో రాసిన చోటే మైనస్ మింగేసి చక్కా అమ్మని చేసి పంపింది. మూడు తరాలూ చేసి సరిపోల్చి ఉంటే ఆ రోజే బయటపడేది. కానీ మా మేనేజరు ఉన్నాడే, మేమంతా గడియారం అంటాం, ఎప్పుడు చూసినా టైమెంతయిందో చెబుతాడు గనక, ఆయన విడుదల హడావిడిలో మూడు తరాలెందుకమ్మా, ఒకటి చాలు, గంట కలిసొస్తుంది అని ఆ మెట్టు ఆపించేశాడు. నా మెషీన్‌లో ఉన్నది అంతకన్నా పాత అమ్మమ్మ, జబ్బు పుట్టక ముందుది, మార్చుకోవడానికి బద్ధకించి అలాగే ఉంచుకున్నాను. పరీక్షలన్నీ నా మెషీన్ మీదే చేసేవాళ్లం. నా బద్ధకం వల్ల అన్నీ బాగానే కనబడ్డాయి. ఇప్పుడు ఆ ముసలి అమ్మమ్మతోనే మొదలుపెట్టించాను. మూడో తరం దాకా శుభ్రంగా వస్తే అవే వరసలు, రెండు వంశాలు, ఒకటి మైనస్ తింటుంది, ఒకటి తినదు అని చూపించొచ్చు. రాకపోతే ఇంకేదో జబ్బు కూడా ఉన్నట్టు, దాని పేరు మూడింటి లోపల నేను కనుక్కోలేను.

ఫోన్ మోగితే అదేమో అనుకుని తీశాను. అత్తయ్య.

"ఏమే, ఏమైనా తేలిందా?"

"అవుతోందత్తయ్యా."

"పొద్దున్నుంచీ అవుతోంది అవుతోందంటావ్. ఇంతకీ తప్పెవరిదంటావ్, దానిదా నీదా?"

ఎలా చెప్పను. "పెరుగు తోడుపెడతారు కదత్తయ్యా. తోడు పులిసిందనుకోండి, ఎంత మంచి పాలు పోసినా పెరుగు పులుస్తుంది. మళ్లీ రేపు ఆ పెరుగే తోడేస్తారు, మళ్లీ పులుపే. పాలలో తప్పేం లేదు. తోడు మార్చాలి."

"అంటే నిన్నటి పెరుగు పులిసిందంటావ్."

"అయ్యో, మీ పెరుగు గురించి కాదత్తయ్యా."

"పులిస్తే తిన్నప్పుడే చెప్పొచ్చుగా, ఈ చుట్టుతిరుగుళ్లెందుకు? సర్లే, నేను ఫోన్ చేసింది అందుక్కాదు. అది తినకుండానే వెళ్లింది. డబ్బా ఇక్కడే గట్టు మీద మర్చిపోయింది. మర్చిపోయిందో, కావాలనే వదిలేసిందో."

ఫోన్ పెట్టేశాక ఆ డబ్బా నా కళ్ల ముందు నుంచి పోలేదు. నీలం మూత, దాని మీద గీతలు. కూతురు అయిపోయింది, మనవరాలు మొదలైంది, వరసలు మళ్లీ పైకి, మీరెంతసేపు చూసినా మాకు ఒకటే అన్నట్టు. మా తోడికోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఒకరోజు నాతో పాటు బీన్స్ తుంచుతూ కూర్చుని, నువ్వు ఆఫీసులో ఏం చేస్తావక్కా అని అడిగింది. ఈ ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులుంటాయి, చుట్టాలకి కంప్యూటర్ పని అంటాను, తెలిసినవాళ్లకి కంపైలర్ అంటాను. కంపైలర్ అన్నాను, ఏమంటుందో చూద్దామని. పేరు అడిగింది. చెప్పాను. బీన్స్ కింద పెట్టి నా వంక చూసింది. "అయితే ఇన్నాళ్లూ నేను రాసిందంతా నీ చేతుల మీదుగానే వెళ్తోందన్నమాట!" అని, ఎంత సంబరపడిపోయిందో, అక్కడికి నేనేదో స్వయంగా కూర్చుని దాని వరసలు ఒక్కొక్కటీ దిద్ది పంపుతున్నట్టు. ఆ ఇంట్లో నా పని ఏమిటో నేను విడమరచి చెప్పకుండా అర్థమైన మొదటి మనిషి అది. మా ఆయనకి పెళ్లయి ఇన్నేళ్లయినా కంపైలర్‌కీ ప్రింటర్‌కీ తేడా తెలియదు. నమ్మి ఇస్తారు మనకి. ఆ సంగతి రోజూ గుర్తుండదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు నమ్మి ఇస్తే ఎలాగూ గుర్తుండదు, పక్కన కూర్చుని బీన్స్ తుంచిన మనిషి నమ్మి ఇచ్చినా గుర్తులేకపోయింది నాకు, పప్పు గిన్నె జరుపుతూ. సిగ్గేసింది. ఇప్పుడు కూడా వేస్తోంది.

"రెండూ నలభై," అన్నాడు గడియారం వెనక నిలబడి. ఎప్పుడొచ్చాడో. "ఎంతవరకు వచ్చింది?"

"మనవరాలు సగం."

"వచ్చాక ఒక నోట్ రాద్దాం. అరుదైన కొన్ని పరిస్థితుల్లో, కొన్ని వెర్షన్లలో, కొందరు వినియోగదారులకి... అలా. తప్పు అన్న మాట వద్దు. ముందు లాయర్లకి చూపించి, వచ్చే వారం పంపుదాం."

"వచ్చే వారానికి ఆ పిల్ల ఉద్యోగం ఉండదండీ."

"అది వాళ్ల కంపెనీ వ్యవహారం కదమ్మా. మనకెందుకు? నువ్వు చుట్టరికం కలుపుకోకు."

"చుట్టరికం నేను కలుపుకోలేదండీ. నన్ను ఆ ఇంటికిచ్చి పెళ్లి చేశారు."

కుర్రది బిస్కెట్ పొలమారి దగ్గింది. ఆయన నవ్వలేదు. చెడ్డవాడు కాదు, పిల్లల ఫీజులూ ఇంటి వాయిదాలూ ఉన్నవాడు, పైనుంచి ఎవరో ఆయన నెత్తిన కూడా గడియారం పెట్టి ఉంటారు. అయినా ఆయన మొహం చూస్తుంటే అప్పట్లో ఆయన మిగిల్చిన ఆ గంటే గుర్తొస్తోంది నాకు. ఆ గంట బాకీ ఇప్పుడు నేను కూర్చుని తీరుస్తున్నాను.

వరసలు ఆగిపోయాయి. మనవరాలు తయారు. సరిపోల్చే ఆజ్ఞ కొట్టాను. ఈ ఆజ్ఞ పద్ధతి ఏమిటంటే, తేడా ఉంటే మొత్తం చదివి వినిపిస్తుంది, తేడా లేకపోతే ఒక్క మాట కూడా అనదు, చప్పుడు చేయకుండా పక్కకి తప్పుకుంటుంది. కొట్టాను. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్నే మా వాళ్లు శుభవార్త అంటారు, నమ్మకం కుదరక ఇంకోసారి కొట్టాను, అప్పుడూ ఏమీ అనలేదు. కూతురూ మనవరాలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. కూతురికి లిఫ్టు ప్రోగ్రాం ఇచ్చాను. గిన్నె దిగింది, గిన్నె ఎక్కింది, మైనస్‌తో సహా. రెండు వంశాల ఆజ్ఞలూ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న ఆ ఒక్క వరసకి ఎర్రరంగు పూసి, దానికీ, దాని పైవాళ్లకీ, నేను జవాబు రాసిన పాత ఫిర్యాదు కిందా ఒకేసారి పంపించేశాను. లాయర్లు అని ఎవరో అంటున్నారు వెనక. ఫోన్ తీసి దాని నంబరు నొక్కాను. ఎత్తదేమో అనుకున్నాను. ఎత్తింది.

"చెప్పండి. మీటింగ్‌లో ఉన్నాను. స్పీకర్‌లో పెడుతున్నాను, అందరూ ఉన్నారు," అంది. గొంతు పొద్దున అద్దం ముందు దిద్దుకున్న గొంతే.

చెప్పాను. నేనెవరినో, కంపైలర్‌లో ఏ భాగం చూస్తానో, మీకు పంపిన కంపైలర్ మైనస్ ఎలా పోగొడుతోందో, మీ మెయిల్‌లో ఎర్రరంగు వరస ఎక్కడుందో. ఎవరో పెద్దాయన గొంతు సవరించుకుని, "అంటే మా అమ్మాయి రాసిందాంట్లో తప్పు లేదంటారా? మొన్న ఉందని మీరే రాశారు కదండీ," అన్నాడు.

"రాశానండీ. సరిగా చూడకుండా రాశాను." అక్కడితో ఆగొచ్చు. ఆఫీసు వరకు అది చాలు. కానీ భోజనాల దగ్గర నవ్వినవాళ్లు ఆ గదిలో లేరు, ఆ నవ్వు మాత్రం దాని చెవుల్లో ఉంటుంది. "ఇంట్లో కూడా అన్నానండీ, ఆడలేక మద్దెల ఓడు అని, నలుగురి ముందూ. ఆమె బాగానే ఆడింది. మద్దెలే ఓడు. ఆ మద్దెల మాది."

అవతల ఏదో కుర్చీ కిర్రుమంది. ఎవరో ముక్కు చీదారు, ఎవరో నాకు తెలుసు. తరవాత దాని గొంతు వచ్చింది, అద్దం ముందుది కాదు, బీన్స్ తుంచేటప్పటిది.

"కాస్త గట్టిగా చెప్పక్కా. వెనక కూర్చున్నవాళ్లకి వినబళ్లేదట."

గట్టిగానే చెప్పాను. మా అంతస్తులో గడియారంతో సహా అందరూ తలలు తిప్పి చూశారు.